తాళం వేసిన ఇల్లు

లాండ్రీ వెనక గది,
సోమవారం

ఇన్‌స్పెక్టరు గారికి,

లాండ్రీ యజమానురాలు రాస్తున్నది. ఫోను చేస్తే నోట మంచి మాట రాదని కాగితం తీసుకున్నాను. మీరూ ఫోను చెయ్యకండి, ఎత్తను.

నిన్న పొద్దున నేను ఆసుపత్రి దుప్పట్ల కాంట్రాక్టు మాట్లాడటానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి షట్టరు వంగిపోయి ఉంది. బాయిలరు మండుతూనే ఉంది, ఆపడానికి మనిషి లేదు. హోటలువాళ్ల తెల్ల దుప్పట్ల మీద బూట్ల అచ్చులు. ఇస్త్రీపెట్టె కింద దిండు గలీబు మాడి గదంతా పొగ. మీ అన్నయ్య మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఏమైందండీ?" అంటే "తీసుకెళ్లారు" అన్నాడు. అని వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

నా దగ్గర పనిచేసే పెద్దావిడను తీసుకెళ్లారు. నవ్వులమ్మను తీసుకెళ్లారు. మూడోది, నోరు విప్పదని మేం గప్‌చుప్ అని పిలుచుకునే పిల్ల, వెనక కిటికీలోంచి దూకి ఎటో పోయింది. వాళ్లు కాగితాలు లేకుండా సరిహద్దు దాటి వచ్చిన మనుషులని నాకు తెలుసు. దాచి పెట్టి మాట్లాడను.

కానీ నీకెలా తెలిసింది? మొన్న మా ఇంటికి భోజనానికొచ్చావు. పెద్దావిడే వడ్డించింది. "ఏ ఊరు పెద్దమ్మా మీది?" అని ఎంత తియ్యగా అడిగావో. ఆవిడ తడబడితే "పోనీలెండి" అని ఇంకో గరిటె వేయించుకున్నావు. ఆ అన్నం అరగకముందే మనుషుల్ని పంపావు. మా ఉప్పు తిని ఇలా చేసినవాళ్లను నేను ఇప్పటిదాకా చూడలేదు.

ఇన్నాళ్లూ నిన్ను ఆడపడుచుగా కాదు, చెల్లెలిగా చూశాను. ఆ లెక్క సరిచేసుకుంటున్నాను.

ఇట్లు,
లాండ్రీ ఆవిడ


పోలీసు క్వార్టర్స్, రెండో అంతస్తు,
శుక్రవారం

వదినకి,

నువ్వు నన్ను గారూ మీరూ అని ఎంత దూరం పెట్టినా వరస మారదు. మార్చే వీలుంటే నేనే ఎప్పుడో మార్చుకునేదాన్ని.

అవును, పంపింది నేనే. ఎందుకో విను. సంతలో బాంబు పేలిన రోజు ఆ కూరగాయల మధ్య మనుషుల్ని ఏరిన వాళ్లలో నేనూ ఉన్నాను. బాంబు పెట్టిన ఇద్దరూ సరిహద్దు దాటింది, మనుషుల్ని దొంగదారిన చేరవేసే మేస్త్రీ అనే వాడి లారీలో. నీ పెద్దావిడా, నవ్వులమ్మా వచ్చింది కూడా ఆ మేస్త్రీ లారీల్లోనే. ఆ దారి మూసేయమని పైనుంచి ఆర్డరు. మూయాలంటే ఆ దారిన వచ్చినవాళ్లను పట్టుకుని అడగాలి. వేరే మార్గం ఉంటే చెప్పు, నేర్చుకుంటాను.

ఇంకొకటి. ఎండల్లో క్వారీ రోడ్డు పక్కన ఒక లారీ దొరికింది. దాని తలుపు తెరిచింది నేను. లోపల ఊపిరాడక పోయినవాళ్లను ఒక్కొక్కరినీ దించాం. తలుపుకి లోపలివైపు గోళ్ల గీతలు. మేస్త్రీ దొరికేదాకా నాకు తిన్నది ఒంటబట్టదు.

నువ్వు మాత్రం దయామయివి. వాళ్లకు పడకెక్కడ? ఇస్త్రీ గదిలో, బాయిలరు వేడిలో. సెలవుందా? జీతం బయట ఇచ్చేదాంట్లో సగం. ఎదురు అడగలేరని, స్టేషనుకు రాలేరని నీకు బాగా తెలుసు కాబట్టే ఆ సగం. మళ్లీ నాకు ఉప్పు గురించి చెప్తావు.

మూడో పిల్ల ఎక్కడుంది? నిజం చెప్పు. ఆమె మేస్త్రీ మొహం చూసిందని నవ్వులమ్మ చెప్పింది. ఆమె నాకు కావాలి.

నీ ఆడపడుచు


లాండ్రీ వెనక గది,
వానలు మొదలైన వారం

అమ్మాయీ,

జీతం మాట బాగా తగిలింది. తగలాలనే రాశావు కదా. సగం ఇచ్చిన మాట నిజం. ఆ సగం కూడా ఇచ్చేవాళ్లు లేక వాళ్లు నా దగ్గరికి వచ్చిన మాట కూడా నిజం. అలా అని నా మనసు హాయిగా ఉందనుకోకు. నీ ఉత్తరం చదివాక ఇస్త్రీ గదిలో ఒక పూట పడుకుని చూశాను. ఆ సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్తున్నాను.

మీరు వాళ్లను పెట్టిన పాత గోదాముకు వెళ్లాను. మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి పెద్దావిడ జాలీ తలుపు అవతలకి వచ్చింది. జుట్టు కత్తిరించేశారు.

"ఎలా ఉన్నావు?" అన్నాను.

"కూర్చోబెట్టారమ్మా, కూర్చున్నాను. అక్కడ దుప్పట్లు ఎవరు ఉతుకుతున్నారు?"

"నేనే."

"సబ్బు ఎక్కువ వేస్తావు నువ్వు, తెల్లగా రావు." అని కాస్త ఆగి గొంతు తగ్గించింది. "అమ్మా, వాళ్లు వెతకలేదు. వస్తూనే తిన్నగా ఆరబెట్టే గదిలోకి వెళ్లారు. బీరువా జరిపారు. వెనక తలుపు తీశారు. చెప్పింది ఇంటి మనిషే."

ఆ బీరువా వెనక తలుపు సంగతి బయట ఎవరికీ తెలియదు. చేతులు కడుక్కునే వంకతో ఇంట్లోంచి లాండ్రీలోకి వెళ్లి చూసి ఉంటావు. ఇల్లంతా కళ్లతో కొలుచుకుని పోయావన్నమాట.

బాంబు సంగతి రాశావు. ఒకే రోడ్డు మీద దొంగా వస్తాడు, డాక్టరూ వస్తాడు. ఆ లెక్కన డాక్టర్నీ లోపలేస్తావా? దుప్పట్లు ఉతికే ముసలావిడ దేశానికి ఏం ముప్పు తెచ్చిందో నాకు అర్థమయ్యేలా ఒక్క మాట రాయి.

గప్‌చుప్ ఎక్కడుందో నాకు తెలియదు.

వదిన


పోలీసు క్వార్టర్స్,
బుధవారం

వదినా,

ఆ రోజు నేను మీ ముందు గది దాటి లోపలికి రాలేదు. చేతులు కూడా బయట పంపు దగ్గరే కడుక్కున్నాను. గుర్తు చేసుకుంటే చేసుకో, లేకపోతే నన్నే తిట్టుకో. నాకు అలవాటయింది.

ఆశ్రయం ఇచ్చినవాళ్లకు కూడా ఇప్పుడు జైలే. కొత్త చట్టం. నీ వీధిలోనే ఇద్దరు లోపలున్నారు. నువ్వు బయట తిరుగుతూ నాకు ఉత్తరాలు రాస్తున్నావు. కేసులో నీ పేరు ఎక్కడా లేదు. ఎందుకు లేదో ఎప్పుడైనా ఆలోచించావా?

ఇంకో విషయం. మీ వీధి చివర నా ఇల్లు ఉంది. నాకు బదిలీ అయినప్పుడు తాళం వేసి, చెవి నీ చేతిలో పెట్టి వచ్చాను. నిన్న పక్కింటి టీచరమ్మ ఫోను చేసింది. "ఇల్లు అద్దెకిచ్చారా అమ్మాయ్? మేడ మీద బట్టలు ఆరేసి ఉంటున్నాయి. మనిషి మాత్రం కనబడదు. చాలా నెమ్మదస్తులు," అని మెచ్చుకుంది.

నేను "మా వాళ్లేనండీ" అన్నాను. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు చేత అబద్ధం ఆడించావు. అదీ నా సొంత ఇంటి గురించి.

రెండు రోజులు చూస్తాను. నువ్వు నిజం రాయకపోతే నేనే వచ్చి తలుపు తీస్తాను.

నీ ఆడపడుచు


నీ ఇల్లు, వంటగది,
శనివారం

అమ్మాయీ,

ఈ ఉత్తరం నీ వంటగదిలోనే కూర్చుని రాస్తున్నాను. అవును, గప్‌చుప్ ఇక్కడే ఉంది. కిటికీ దూకిన రోజు సాయంత్రానికి కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. ఊరంతా వెతుకుతున్నారు, ఎక్కడ పెట్టను? ఇన్‌స్పెక్టరు ఇల్లు వెతకరని ఇక్కడ పెట్టాను. రా. నీ ఇంట్లో నీ వదినకు నువ్వే బేడీలు వెయ్యి. టీచరమ్మ చూసి మెచ్చుకుంటుంది.

ఇక నువ్వు చెప్పకుండా చెప్పిన సంగతి. నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య ముందు కూర్చున్నాను. ఆయన వ్యాను తాళాలు తిప్పుతున్నాడు.

"బీరువా సంగతి ఎవరు చెప్పారండీ?"

తాళాలు తిప్పడం ఆపాడు. "మన వీధి సోదా చేస్తారని ముందే తెలిసింది. నువ్వుండగా వస్తే నిన్నూ ఎక్కించుకుపోతారు. అందుకే నువ్వు లేని రోజు రమ్మని చెల్లెల్ని నేనే అడిగాను. బీరువా సంగతీ నేనే చెప్పాను."

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

ఒప్పుకోను. అందుకే అన్నా చెల్లెలూ కూర్చుని నా లాండ్రీకి, నాతో పనిచేసే మనుషులకి ఏం జరగాలో తేల్చేశారు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు, నేను బయటిదాన్ని. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి ఆ మాట నాకు తెలిసొచ్చింది. ఆయనకు అన్నం పెడుతున్నాను, మాట్లాడటం లేదు. భయపడ్డాడు, మొగుడు కాబట్టి భయపడ్డాడు, అది కొంచెం అర్థమవుతుంది. నువ్వు మాత్రం అన్న మీద నిందపడకుండా ఇన్నాళ్లూ నా తిట్లు తిన్నావు. అది గొప్పని నేను అనుకోను. నువ్వు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ ముగ్గురినీ ముందే ఎటైనా పంపేసేదాన్ని.

పిల్లకు మన భాష వచ్చట. అన్నీ వింటూనే నోరు విప్పకుండా ఉంది. నీ వంటగదిలో మొదటిసారి మాట్లాడింది. క్వారీ రోడ్డు లారీలో వాళ్ల అక్క ఉందట.

వదిన


పోలీసు క్వార్టర్స్,
సోమవారం

వదినా,

ఆదివారం వస్తాను. యూనిఫారంలో రాను, జీపులో రాను. బస్సులో వచ్చి గంట కొడతాను. పిల్లకు ముందే చెప్పి ఉంచు.

ఆమె మేస్త్రీని గుర్తుపట్టి సాక్ష్యం చెప్తే సరిహద్దు అవతలకి పంపకుండా ఉంచగలను. సాక్షిని పంపించెయ్యడానికి వీల్లేదు. ఇది నా మాట. నా మాట నీకు చిల్లిగవ్వ చెయ్యదని తెలుసు, అయినా ఇస్తున్నాను.

ముందే చెప్పి ఉంటే పంపేసేదాన్ని అన్నావు. అందుకే చెప్పలేదు. వాళ్లు మళ్లీ ఆ మేస్త్రీ దగ్గరికే పోయేవాళ్లు, వేరే దిక్కెవరున్నారు? నేను చేసింది తప్పని నువ్వు ఎన్ని పేజీలు రాసినా ఒప్పుకోను.

అన్నయ్యతో మాట్లాడు. వాణ్ణి సాధించి నువ్వు బాగుపడేదేమీ లేదు.

నీ ఆడపడుచు


లాండ్రీ వెనక గది,
నువ్వు వెళ్లిన మూడో రోజు

అమ్మాయీ,

నువ్వు వచ్చినప్పుడు నేను కాఫీ ఇచ్చాను, నువ్వు తాగావు. అంతమాత్రాన మనం కలిసిపోయామనుకోకు. ఇవాళ నిన్ను నిలదీయడానికి రాస్తున్నాను.

పిల్ల నీ ఎదురుగా నేల మీద కూర్చుంది. నువ్వూ కుర్చీ దిగి నేల మీదే కూర్చున్నావు. అప్పుడు నాకు నువ్వు మా పెళ్లప్పటి చిన్నపిల్లలా కనిపించావు. కాసేపే.

"లారీ ఎక్కడ ఆగింది?" అన్నావు.

"చెక్‌పోస్టు దగ్గర. పొద్దున ఆగింది, మధ్యాహ్నం దాకా కదల్లేదు. బయట మేస్త్రీ బేరమాడుతున్నాడు. మాకు వినబడుతోంది."

"ఎవరితో?"

"పోలీసాయనతో. ఆయన తలుపు కొంచెం తెరిచి లోపలికి చూశాడు. మా అక్క నీళ్లు అడిగింది. మళ్లీ మూసేశాడు. ఇంకా బేరమాడారు."

"తర్వాత?"

"లారీ వదిలాక చాలా దూరం పోయి ఆపాడు మేస్త్రీ. తలుపు తెరిచాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను, బయట పడ్డాను. లోపల చూసి వాడు మళ్లీ మూసేసి పరుగెత్తాడు. అక్కకు అప్పటికే మాట లేదు."

"ఆ పోలీసు ఎలా ఉంటాడు?"

ఎడమ చెవి తమ్మె లేదంది. నడుస్తుంటే కుడి భుజం ఒరుగుతుందంది. అప్పటిదాకా ఆమె చెప్పిన ప్రతి ముక్కా రాసుకున్నావు. అక్కడ నీ కలం ఆగిపోయింది. యూనిఫారం టోపీ పెట్టుకుని ఉంటే రాసేదానివేమో తెలియదు గానీ, ఆ రోజు నువ్వు కలానికి మూత పెట్టి, "మేస్త్రీ గురించి ఇంకేమైనా గుర్తుందా?" అన్నావు. పిల్ల నీ వంక అలా చూస్తూనే ఉంది. నేను నిన్నే చూస్తున్నాను.

ఆ చెవి ఎవరిదో నీకు తెలుసు. దేశంలోకి బాంబు వచ్చిన దారి మూస్తానంటూ నా ఆరబెట్టే గదిలో బీరువా జరిపించావు. ఆ దారికి తలుపు తీసే మనిషి యూనిఫారం వేసుకుని మీ ఆఫీసులోనే కూర్చున్నాడు.

నిన్న గోదాముకు వెళ్లాను. ఖాళీ. అందరినీ బస్సెక్కించి సరిహద్దు దాటించారట. నవ్వులమ్మ మెట్లెక్కుతూ కూడా నవ్విందని కాపలా మనిషి చెప్పాడు. పెద్దావిడ నా కోసం ఏమైనా చెప్పిందా అని అడిగాను. ఆమె ఏమీ చెప్పలేదన్నాడు. పంపమన్న కాగితం మీద సంతకం నీదే కదా.

వదిన


పోలీసు క్వార్టర్స్,
గురువారం

వదినా,

సంతకం నాదే.

ఆ చెవి మా పెద్దాఫీసరుది. నాకు పై మనిషి. వీధి వీధీ వెతకమని ఆర్డరిచ్చింది ఆయనే. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్పింది కూడా ఆయనే.

రాయకపోవడానికి కారణం పిరికితనం అనుకుంటున్నావు. కొంత అదే. మిగతాది విను. నేను రాసిన ప్రతి కాగితమూ ముందు ఆయన టేబుల్ మీదికి వెళ్తుంది. చెక్‌పోస్టు మాట అందులో ఉంటే ఆ పిల్ల మర్నాటికల్లా బస్సులో ఉంటుంది, సాక్షీ లేదు ఏమీ లేదు. ఆ మాట లేకుండా రాస్తే మేస్త్రీ జైలుకు పోతాడు, పిల్ల ఇక్కడే ఉంటుంది. బతికున్న ఒక్క మనిషిని కాపాడుకోనా, పోయినవాళ్ల కోసం ఆమెను కూడా పోగొట్టుకోనా? నా కుర్చీలో కూర్చుని చెప్పు. లాండ్రీలో కూర్చుని ఎవరైనా చెప్తారు.

పిల్లను అడుగు. నేను చెప్పింది ఆమెకు అర్థమయ్యేలా చెప్పి అడుగు.

నీ ఆడపడుచు


నీ ఇల్లు,
ఆదివారం

అమ్మాయీ,

అడిగాను. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, నీ వైపు న్యాయం కూడా ఏమీ తగ్గించలేదు. ఊడుస్తున్న చీపురు గోడకు ఆనించింది. తర్వాత అంది:

"మేస్త్రీ మమ్మల్ని మోసం చేస్తాడని మాకు తెలుసమ్మా. తెలిసే ఎక్కాం. ఆ తలుపు తెరుచుకుని యూనిఫారం కనిపించినప్పుడు మాత్రం అక్క నా చెయ్యి నొక్కింది. బతికామే అంది. ఆ మాట రాయమనండి. అది లేకుండా అయితే నేను ఏ సాక్ష్యమూ చెప్పను."

"పంపేస్తారు మరి."

"పంపనివ్వండి."

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే నువ్వే వచ్చి చెప్పు. ఆసుపత్రి దుప్పట్ల పని మీద తెలిసిన లాయరమ్మ ఒకావిడ ఉంది. నీ పెద్దాఫీసరు టేబుల్ మీదికి పోకుండా నేరుగా పిల్లను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చంది. గురువారం వెళ్తున్నాం. మీ అన్నయ్య వ్యాను తోలుతానన్నాడు. సరేనన్నాను. చాలా రోజులకు ఆయనతో నేనన్న మాట అదే.

అక్కడ నిన్ను అడుగుతారు. ఏం చెప్తావో నీ ఇష్టం.

వదిన


పోలీసు క్వార్టర్స్,
కోర్టయిన మర్నాడు

వదినా,

సస్పెన్షన్ కాగితం చేతికొచ్చింది. క్వార్టర్స్ ఖాళీ చెయ్యమన్నారు. మా పెద్దాఫీసరు సెలవు పెట్టాడని ఒకరంటారు, పారిపోయాడని ఒకరంటారు. మేస్త్రీ ఇంకా దొరకలేదు. నాతో ఇన్నాళ్లూ టీ తాగినవాళ్లు మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగి దిగుతున్నారు.

పశ్చాత్తాపంతో చెప్పాననుకోకు. పెద్దావిడ విషయంలో, నవ్వులమ్మ విషయంలో నేను చట్టప్రకారమే చేశాను. మళ్లీ చెయ్యాల్సి వస్తే మళ్లీ చేస్తాను. కోర్టులో కూడా చట్టప్రకారమే చెప్పాను. రెండూ ఒకటే మనిషి చేసింది. నువ్వు ఒకదానికి తిట్టి ఒకదానికి మెచ్చుకోవద్దు.

సామాను తీసుకుని మా ఇంటికి వస్తున్నాను. నీకు ఇష్టం లేకపోయినా ఒకే వీధిలో ఉండాలి.

నీ ఆడపడుచు


లాండ్రీ వెనక గది,
సోమవారం

అమ్మాయీ,

మెచ్చుకోవడానికి రాయడం లేదు, భయపడకు.

కోర్టులో నేను వెనక బెంచీ మీద ఉన్నాను. నువ్వు చూడలేదు. పిల్ల చెప్పడం అయ్యాక మేజిస్ట్రేటు నీ వైపు తిరిగి, "ఈ మాటలు మీ ముందు కూడా చెప్పిందా?" అన్నాడు. "చెప్పింది" అన్నావు. "మరి మీ కాగితంలో లేవే?" అన్నాడు. నువ్వు చేతిలో కాగితం పక్కన పెట్టి, "నేను రాయలేదు. ఆయన ఎవరో నాకు తెలుసు కాబట్టి రాయలేదు" అని, అందరి ముందు పేరు చెప్పావు. పెద్దగా చెప్పమంటే మళ్లీ చెప్పావు. మీ అన్నయ్య నా పక్కన కూర్చుని ఏడ్చాడు. నేను ఏడవలేదు.

పిల్లను ఆడవాళ్ల హాస్టల్లో ఉంచమని మేజిస్ట్రేటు రాసిచ్చాడు. కేసు తేలేదాకా ఎవరూ కదపడానికి వీల్లేదట. తర్వాత సంగతి ఎవరికీ తెలియదు. నిన్న వెళ్లి చూశాను. కిటికీ దగ్గర మంచం ఇచ్చారు. పక్క మంచం అమ్మాయికి ఏదో చెప్తూ ఉంది, నేను వచ్చినా ఆపలేదు.

పెద్దావిడ జాడ లేదు. అవతలి వైపు ఎవరినడగాలో తెలిసినవాళ్లు నాకు లేరు. నీకు ఉండే ఉంటారు. కనుక్కో. కనుక్కునేదాకా అడుగుతూనే ఉంటాను. చట్టం అని మళ్లీ నా ముందు అనకు.

నీ ఇల్లు తుడిపించి ఉంచాను. గ్యాసు అయిపోయింది, ఈ పూటకు అన్నయ్యతో అన్నం పంపుతాను.

ఇక్కడ ఆసుపత్రి దుప్పట్లు కొండలా పేరుకుపోయాయి. ఉతకడం మిషన్ ఉతుకుతుంది గానీ మడత పెట్టడానికి రెండో మనిషి లేదు. రేపు పొద్దున్నే రా. నాతో మాట్లాడనక్కర్లేదు. అటు కొస నువ్వు పట్టుకో, ఇటు కొస నేను పట్టుకుంటాను.

వదిన